మూడో గీత

మా రాజురా తాలూకా బొంబాయి రాష్ట్రంలోని చాందా జిల్లాకు మారిన కొత్తలో, చాందా బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒక ఖాళీ తూటా గొట్టంలో కర్ర బిరడాను పైకీ కిందికీ జరుపుతున్నాడు. బిరడా మీద కత్తితో గీసిన మూడు గీతలున్నాయి. తుపాకి లైసెన్సును ఇక్కడి కచేరీలో మార్పించుకోవడానికి వచ్చాడట.

“ఏంది కాకా అది?”

“తుపాకిమందు కొలిచేది. బిరడాను ఏ గీతకు జరిపితే అంత మందు పడ్తది. మా నాయిన జేసిండు. మొదటి గీత అడివిపందికి, రెండోది కుందేలుకు.”

“మరి మూడోది?”

“అది నేను గీసిన. దానికి గుండు పెట్ట. ఉత్త చప్పుడుకే.”

“చప్పుడుకు పోయిన పంది మళ్ల రాదా?”

“వస్తది. సగం జొన్న తింటది. సగం మాకుంటది గదా.”

అడిగి చేతిలోకి తీసుకుని చూశాను. తండ్రి గీతలు రెండూ మట్టితో పూడిపోయాయి. మూడో గీత ఒక్కటే గోరు తగిలి తగిలి నున్నగా అరిగింది.