స్పార్గెల్ మడిలో తవ్విన వేర్లు

నా చిన్నప్పుడు, జర్మనీలోని ఆకెన్‌లో మేం అద్దెకున్న ఇంట్లో, ఒక చలికాలం మా అమ్మకు పట్టుకున్న దగ్గు వసంతం వచ్చినా వదల్లేదు. జ్వరం లేదు, కఫం లేదు, ఉత్త పొడి దగ్గు. మాట మొదలుపెడితే చాలు, గొంతు ఎండిపోయి సగంలో ఆగిపోయేది. నాన్న యూనివర్సిటీలో పరిశోధన అంటూ పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే వచ్చేవాడు. డాక్టరు దగ్గర టెర్మిన్, అంటే చూపించుకునే రోజు, దొరికింది, మందూ దొరికింది, దగ్గు మాత్రం ఎక్కడికీ పోలేదు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అమ్మ చచ్చిపోతుందేమోనని భయం, ఆ మాట ఎవరితోనూ అనలేని భయం.

మా పై అంతస్తులో ఒక చైనా అమ్మమ్మ ఉండేది. కూతురి దగ్గరికి వచ్చి ఏళ్ళు గడిచినా ముక్కలు ముక్కలుగానే జర్మన్ మాట్లాడేది. అమ్మ దగ్గు పైదాకా వినపడిందేమో, ఒకరోజు ఒక పొట్లం పట్టుకుని దిగివచ్చింది. అందులో వేలెడు పొడవు దుంప వేర్లు. ఎండినవే అయినా చేతికి జిగటగా తగిలాయి. వాళ్ళ వైద్యంలో దాని పేరు తియెన్ మెన్ డోంగ్ అంది. ఊపిరితిత్తులు పొడిబారి వచ్చే దగ్గుకు, ఎంత తాగినా తీరని దాహానికి అది తడినిస్తుందట. కఫం పేరుకున్నవాళ్ళకు, కడుపు జారుగా ఉన్నవాళ్ళకు పనికిరాదట. అమ్మ నాలుక చూసి, మణికట్టు పట్టి చూసి, అప్పుడుగానీ ఇవ్వలేదు. అమ్మ ఒక వేరును వెలుతురుకు పట్టి చూసి, "ఇవి మా దిక్కు పిల్లిపీచర గడ్డల లెక్కనే ఉన్నయి. బాలింతలకు పాలు పడాలని ఇస్తరు" అంది. నేను ఆ మాటను జర్మన్‌లో చేరవేశాను. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నవ్వారు.

పటికబెల్లం వేసి సన్నసెగ మీద కాచిన ఆ కషాయం తాగుతుంటే అమ్మకు నిద్ర పట్టింది. డాక్టరు మందు పనిచేసిందో, ఇది పనిచేసిందో, ఇదేనని నాకు మాత్రం అనుమానమే లేదు. తీరా రెండు వారాలకు వేర్లు అయిపోయాయి. చైనా నుంచి పార్సిల్ రావాలి. అమ్మ మళ్ళీ దగ్గడం మొదలుపెట్టింది. ఆ మొక్క ఎలా ఉంటుందని అడిగితే చైనా అమ్మమ్మ కిటికీలోంచి పెరటివైపు చూపించి, ఇంటి ఓనరు తాత వేసిన స్పార్గెల్, అదే ఆస్పరాగస్ కూర, దానికి చుట్టమేనని చెప్పింది.

ఓనరు తాత కింద వాటాలో ఉండేవాడు. పెరట్లో ఆయనకు రెండు వరసల స్పార్గెల్ మడి ఉండేది. మట్టి ఎత్తుగా పోసి, రోజూ వంగి చూసుకునేవాడు. నాటాక మూడేళ్ళు ఆగితేగానీ కోతకు రాదని, ఆ ఏడాదే మొదటి కోత అని మెట్ల మీద కనపడిన వాళ్ళందరికీ చెప్పేవాడు. అదే పెరట్లో ఒక మూల చైనా అమ్మమ్మకు ఇచ్చాడు. అక్కడ ఆమె ఆకుకూరలు వేసుకునేది.

మర్నాడు మధ్యాహ్నం ఆయన బజారుకెళ్ళడం చూసి, చైనా అమ్మమ్మ పెరట్లో ఉంచుకున్న తవ్వుగోల తీసుకుని నేనే ఒక వరసంతా తవ్వేశాను. దుంపలు లేవు. తాళ్ళలాంటి వేర్లు కుప్పగా వచ్చాయి. అవే అనుకున్నాను. గౌనులో పోసుకుని పైకి పరుగెత్తి ఆమె ముందు పెట్టాను. ఆమె ఒకటి తీసి విరిచి చూసింది. ముఖం మారిపోయింది. అది వేరే జాతి అని, దీనిలో ఆ మందు లేదని నెమ్మదిగా చెబుతుండగానే ఓనరు తాత నేను మడిలో వదిలేసిన ఆ తవ్వుగోల పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కోపంగా లేడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి, అంతే. అది ఇంకా భయంగా అనిపించింది.

చైనా అమ్మమ్మ లేచి నాకూ ఆయనకూ మధ్యకు వచ్చింది. "నేను తెమ్మన్నాను. పాపకు ఏం తెలుసు" అంది.

ఆయన నావైపు తిరిగి నిజమేనా అని అడిగాడు. నేను అవునన్నట్టు తల ఊపాను.

ఎవరూ నన్ను ఊపమనలేదు. ఆ ఊపు నాదే. పెరటి మూల ఇక వాడుకోవద్దని ఆయన ఆమెకు చెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఆమె తన మొక్కలన్నీ పెకలించి బకెట్లలో పెట్టుకుని మెట్లెక్కుతుంటే నేను తలుపు సందులోంచి చూశాను. రెండోరోజు ఓనరు తాత నన్ను పిలిచి, పెద్దవాళ్ళు చెబితే పిల్లలేం చేస్తారులే అని చాక్లెట్ ఇచ్చాడు. సిగ్గులేకుండా తిన్నాను. బాగుంది కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పార్సిల్ వచ్చింది. అమ్మకు కషాయం తెచ్చిన రోజు చైనా అమ్మమ్మ నాక్కూడా చిన్న కప్పులో పోసింది. "నీకూ గొంతు ఎండినట్టుంది. తాగు" అంది, ఎప్పటిలాగే. వెక్కిరింపు లేదు, దెప్పిపొడుపు లేదు. తియ్యగా మొదలై చివర కాస్త చేదు తగిలింది. కిందికి వెళ్ళి నిజం చెప్పేద్దామని అప్పుడే అనుకున్నాను. ఆయన తలుపు దాకా ఎన్నిసార్లు వెళ్ళానో. బెల్ మీద వేలు పెట్టి తిరిగి వచ్చేశాను. అమ్మ దగ్గు తగ్గాక, ఆ వేసవిలోనే నాన్నకు పాడర్‌బోర్న్‌లో ఉద్యోగం వచ్చి ఊరు మారాం. వాళ్ళిద్దరినీ మళ్ళీ చూడలేదు.

ఇప్పుడు నాకు జుట్టు నెరిసింది. పనిచేసే చోట ఏ పొరపాటు జరిగినా, అందులో నా చెయ్యి పిసరంత ఉన్నా, ఎవరూ అడగకముందే నేనే చేశానని చెప్పేస్తాను. ఎంత నిజాయితీ అని చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకుంటారు. వాళ్ళు మెచ్చుకున్నప్పుడల్లా తల ఎత్తలేను. ఆ మాట ఒక్కసారి అనాల్సిన చోట అనలేదు కాబట్టే ఇన్నిసార్లు అంటున్నానని వాళ్ళకు తెలియదు.