కలిసొచ్చిన బండి

మా వైపు పాత బండి కొనేవాడు ముందు ఇంజను చూడడు, అమ్మేవాడి బతుకు చూస్తాడు. స్కూటరైనా, ట్రాక్టరైనా, ఆఖరికి కుట్టు మిషనైనా సరే, మొదట అడిగేది ఒకటే: "ఎవరు వాడారండి?" డాక్టరు గారు వాడిన కారంటే సొట్టలున్నా కళ్లకద్దుకుని కొంటారు. వ్యాపారంలో దెబ్బతిన్నవాడి కారు కొత్తదానిలా ఉన్నా అటు తిరిగి చూడరు. బండితో పాటు అదృష్టమూ చేతులు మారుతుందని నమ్మకం. ఇంత చదువుకున్నాం, ఇన్ని ఫోన్లు మార్చాం, ఈ ఒక్కటీ మారలేదు.

అంగలకుదురు ప్రకాశం ఈ గాలి పీల్చి పెరిగినవాడే. కాకపోతే అతను కొనాలనుకున్నది మా ఊళ్లలో ఎవరూ కొనని బండి. నీళ్ల మీద నిలబడి నడిపే జెట్ స్కీ, అదీ సెకండ్ హ్యాండ్‌ది.

ప్రకాశం పని బాపట్ల దగ్గర సూర్యలంక బీచిలో. అక్కడ జనాన్ని ఎక్కించుకుని తిప్పే జెట్ స్కీలు సీటున్నవి, కూర్చుని నడిపేవి. ముందు ప్రకాశం, వెనక గుంటూరు నుంచో హైదరాబాదు నుంచో వచ్చిన సారో, మేడమో. "గట్టిగా పట్టుకోండి సార్" అనడం, నీళ్లలో తేలే ఎర్ర డ్రమ్ము దాకా వెళ్లడం, ఒక్క మలుపు విసురుగా తిప్పి కేక పెట్టించడం, వెనక్కి రావడం. ఏళ్ల తరబడి అదే డ్రమ్ము, అదే మలుపు. అంత సముద్రం ఎదురుగా ఉన్నా అతనిది గానుగెద్దు తిరుగుడే అయింది. వచ్చినవాళ్లు ఫొటోలు దిగి వెళ్లిపోతారు. ఆ ఫొటోల్లో అంచున ఎక్కడో ప్రకాశం మోచెయ్యి ఉంటుంది.

ఒక వానాకాలం, బీచి మూసేసిన రోజుల్లో, ఫోన్‌లో ఒక వీడియో చూశాడు. సీటు లేని సన్నటి బండి మీద ఒకడు నిలబడి, అల మీదికెక్కి, బండితో సహా గాల్లో పల్టీ కొట్టి మళ్లీ నీళ్ల మీదే దిగాడు. దాన్ని ఫ్రీస్టైల్ అంటారట. ప్రకాశానికి ఆ పల్టీ కంటే అతని వెనక ఎవరూ లేకపోవడమే ఎక్కువ నచ్చింది. తనకు ముప్పై అయిదు దాటాయి. మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి, మరో నాలుగేళ్లు పోతే వినవు. నేర్చుకుంటే ఇప్పుడే నేర్చుకోవాలి.

వాటాకొచ్చిన చిన్న పొలం ముక్క అమ్మేశాడు. తల్లి సుబ్బరత్నమ్మ రెండు రోజులు అన్నం మానేసి, మూడోరోజు తనే తినేసింది. చేతికొచ్చిన డబ్బుతో ఒక్క పాత బండి వస్తుంది. అది సరైనదైతే అతని కోరిక తీరుతుంది, కాకపోతే ఇక ఈ జన్మకు లేదు. అందుకని ఫిన్నీని వెంటబెట్టుకున్నాడు. ఫిన్నీ సూర్యలంకలో మత్స్యకారుల ఇంటివాడు. పడవల ఇంజన్లు బాగుచేస్తాడు, బీచిలో జెట్ స్కీలూ అతని చేతిమీదే నడుస్తాయి.

"పల్టీలకని పొట్టి బండి కొనమాక అన్నా," అన్నాడు ఫిన్నీ. "నేర్చుకునేవాడు దాని మీద నిలబడలేడు. కాస్త పొడుగుది, కంపెనీ ఇంజను మార్చనిది చూద్దాం. చల్లగా ఉన్నప్పుడు మన ముందే స్టార్టవ్వాలి. రెండు సిలిండర్లలోనూ ఒత్తిడి సమానంగా ఉండాలి. ఆ పైన ఈ పోల్ ఉంది చూశావా, హ్యాండిల్ ఉండే పొడుగాటి కడ్డీ, అది బాడీలో బిగించే చోట పగులుండకూడదు. నువ్వు గాల్లోంచి దిగేటప్పుడు నీ బరువంతా దాని మీదే పడేది."

మొదటి బండి రేపల్లెలో దొరికింది. స్టేషన్‌కు దగ్గర్లోనే సుందరరామయ్య మాస్టారి ఇల్లు. రిటైరైన తెలుగు పంతులు గారింట్లో జెట్ స్కీ ఏంటని ఇద్దరూ దారంతా నవ్వుకుంటూనే వెళ్లారు. ఆయన గోనెపట్టా తొలగించి చూపించగానే నవ్వులు ఆగిపోయాయి. బాడీ మీద గీతలున్నాయి గాని మాసిక లేదు. ఫిన్నీ అడుగంతా వేళ్లతో తట్టి చూశాడు, ఎక్కడా బోలు మోత లేదు. పోల్ పట్టుకుని వేలాడాడు, కిర్రుమనలేదు. ఇంజను మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. మాస్టారు బటన్ నొక్కగానే అందుకుంది. ఆ తర్వాతే ఆయన పంపు తిప్పి, గొట్టంలోంచి నీళ్లు ఇంజనుకు వదిలారు.

"ముందు ఇంజను, తర్వాత నీళ్లు. ఆపేటప్పుడు ముందు నీళ్లు, తర్వాత ఇంజను," అన్నారాయన, పాఠం అప్పజెప్పినట్టు. "తప్పితే ఇంజన్లోకి నీళ్లు పోతాయటగా. వారం వారం ఇలా తిప్పుతుంటానండి."

ఫిన్నీ ఒత్తిడి కొలిచే మీటరు పెట్టి చూసి, ప్రకాశం వైపు కళ్లెగరేశాడు. రెండూ సమానం. అప్పటికే ప్రకాశం హ్యాండిల్ పట్టుకుని, కాళ్లు పెట్టే చోట నిలబడి, మోకాళ్లు వంచి చూసుకుంటున్నాడు. ఎక్కడ ఉండాల్సింది అక్కడే ఉంది. అతని ఒళ్లే చెప్పింది, ఇదేనని. సరిగ్గా అప్పుడు నోరు ఊరుకోలేదు.

"ఎవరు వాడారండి మాస్టారూ?"

"మా అబ్బాయి. అభినవ్. గోవాలో ఈ పనే చేసేవాడు. దీన్ని అక్కణ్నించే తెచ్చుకున్నాడు." ఆయన గోనెపట్టా మడతపెడుతూ అన్నారు. "డెంగీ జ్వరమొచ్చి పోయాడు బాబూ."

ప్రకాశం హ్యాండిల్ మీంచి చెయ్యి తీసేశాడు. కావాలని తీయలేదు, దానంతటదే వచ్చేసింది. వాకిట్లో నిలబడ్డ మాస్టారి భార్య హైమావతమ్మ ఆ చెయ్యినే చూస్తోంది. కాసేపటికి దగ్గరకొచ్చి ఒక్క మాట అడిగింది.

"తీసుకెళ్తే ఒక వీడియో పంపుతావా నాయనా? నీళ్ల మీద తిరుగుతున్నది. నాకు భయమని వాడు పిలిచినా నేనెప్పుడూ పోలేదు."

"ఇంట్లో అడిగి ఫోన్ చేస్తానండి," అన్నాడు ప్రకాశం.

తెనాలి రైల్లో ఫిన్నీ ఊరుకోలేదు. "జ్వరమొచ్చి పోతే బండేం చేసుద్దన్నా? ఇంకోటి ఇట్టాంటిది దొరకదు." ప్రకాశం కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికెళ్లి చెబితే సుబ్బరత్నమ్మ చేతిలో చేట కింద పెట్టేసింది.

"ఒరేయ్, పెళ్లి కాని పిల్లాడు ముచ్చటపడి కొనుక్కున్న బండిరా. వాడి మనసంతా దాని మీదే ఉంటది. నిన్ను వదులుద్దా?"

తల్లిని అనడం తేలిక. అసలు సంగతి ఏమిటంటే, ఆమె అనకముందే రేపల్లె వాకిట్లో అతని చెయ్యి జవాబు చెప్పేసింది. తల్లి మాట అతనికి సాకుగా పనికొచ్చింది, అంతే. రేపల్లెకు ఫోన్ చెయ్యలేదు. రెండుసార్లు అక్కణ్నించే వస్తే ఎత్తలేదు. తర్వాత రావడం మానేసింది.

రెండో బండి తెనాలిలో రంగనాయకులు గారిది. ఆయన పేరు చెబితేనే మా వైపు జనం అరచేతులు చూసుకుంటారు. ఒకప్పుడు చిన్న రైసు మిల్లు, తర్వాత ఫంక్షన్ హాలు, ఇప్పుడు వెంచర్లు. పట్టిందల్లా బంగారం. బాపట్ల వైపు తోట కొన్నప్పుడు సరదాపడి తెప్పించిన జెట్ స్కీ అది. కొడుకులు కొన్నాళ్లు ఉప్పునీళ్లలో ఊరేగి వదిలేశారు. ఫంక్షన్ హాలు షెడ్డులో, పెళ్లికూతురు కూర్చునే సింహాసనం పక్కన నిలబెట్టి ఉంది. పసుపు, కుంకుమ, నిమ్మకాయ అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

"నాకు బాగా కలిసొచ్చిన బండి బాబూ. ఇది ఇంట్లో కాలుపెట్టిన ఏడే వెంచరు మొదలెట్టాను," అన్నారాయన.

ఫిన్నీ ఇంజను మీద చెయ్యి పెట్టి, చురుక్కుమనేసరికి తీసేశాడు. "వేడిగా ఉందేంటండీ? మేం రాకముందే తిప్పారా?"

"మీరొచ్చేసరికి రెడీగా ఉండాలని తిప్పించాను."

పోల్ మొదట్లో కొత్త రంగు పచ్చిగా మెరుస్తోంది. ఫిన్నీ గోటితో గీకబోతే ప్రకాశమే ఆపాడు. ఫిన్నీ అతన్ని పక్కకు లాగాడు. "చల్లారనిద్దాం అన్నా. గంటాగి మళ్లీ స్టార్ట్ చేసి చూద్దాం. ఆ రంగు కింద ఏముందో కూడా చూద్దాం."

రంగనాయకులు గారు గడియారం చూసుకున్నారు. "ఇంకాసేపట్లో రాహుకాలం వస్తుంది. ఆ లోపు షెడ్డు దాటించుకుంటే మీకే మంచిది. లేకపోతే రేపు రండి, గుంటూరాయన కూడా చూస్తానన్నాడు."

ఇక చూడాలి మా ప్రకాశం హడావుడి. ఇంజనుకు చల్లారే టైమివ్వనివాడు రాహుకాలానికి మాత్రం దారిచ్చాడు. నిమ్మకాయ నలిపించాడు, కొబ్బరికాయ కొట్టించాడు, బండిని ఆటో ట్రాలీ ఎక్కించాడు. "మీ రాహుకాలాలు నాకు తెలవ్వన్నా. ఇంజను వేడి మటుకు తెలుసు," అని ఫిన్నీ ట్రాలీలో ఓ మూల కూర్చున్నాడు.

కొన్నాళ్లు బాగానే ఉందనాలి. అబద్ధం ఎందుకు, ప్రకాశం జీవితంలో అంతకంటే మంచి రోజులు లేవు. పొద్దున్నే జనం రాకముందు నీళ్లలో దిగేవాడు. ముందు మోకాళ్ల మీద, తర్వాత ఒంగుని, తర్వాత నిటారుగా. పడ్డాడు, ముక్కుల్లోకి ఉప్పునీళ్లు పోయాయి, మళ్లీ ఎక్కాడు. చల్లటి పొద్దుల్లో ఇంజను మొరాయించేది. ఫిన్నీ సణుక్కుంటూ బాగుచేసేవాడు. ఒకరోజు చిన్న అల మీదికెక్కి, బండితో సహా గాల్లోకి లేచి, నిలబడే దిగాడు. ఒడ్డున ఫిన్నీ ఒక్కడే వీడియో తీశాడు, చప్పట్లు కొట్టాడు. ఆ సాయంత్రం ప్రకాశం ఎవరికో వీడియో పంపాలనుకుని ఫోన్ తీశాడు. అడిగింది రేపల్లెలో హైమావతమ్మని గుర్తొచ్చి జేబులో పెట్టేసుకున్నాడు.

కార్తీకమాసం జనం తగ్గాక ఒక ఉదయం కాస్త పెద్ద అల వచ్చింది. ప్రకాశం లేచాడు, బాగానే లేచాడు. దిగేటప్పుడు పోల్ మొదలంటా విరిగింది. అతను ముందుకు పడ్డాడు, వెనకే వచ్చిన బండి అతని కుడి మోకాలి మీద పడింది. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి ప్రాణం దక్కింది. ఫిన్నీ ఈదుకుంటూ వెళ్లి లాక్కొచ్చాడు. విరిగిన చోట సగం కొత్తగా తెల్లగా ఉంది, మిగతా సగం నల్లగా మురికిపట్టి ఉంది. అది ఎప్పటి పగులో. దాని మీద రంగేశారు, రంగు మీద పసుపు రాశారు. ఆస్పత్రిలో ఫిన్నీ ఆ సంగతి చెప్పి ఏడ్చాడు. "ఆ రోజు నేను గట్టిగా గీకి ఉండాల్సిందన్నా," అన్నాడు. ప్రకాశం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తప్పు తనదని ఫిన్నీకి చెప్పే ధైర్యం కూడా లేకపోయింది.

గుంటూరులో ఆపరేషన్ చేశారు. కాలు మిగిలింది గాని మడత పడదు. తడి ఇసకలో నిలబడలేనివాడు నీళ్ల మీదేం నిలబడతాడు? ఇప్పుడతను బీచిలో రేకుల షెడ్డు కింద కుర్చీలో కూర్చుని టికెట్లు చింపుతాడు. ఎర్ర డ్రమ్ము అక్కణ్నించి బాగా కనిపిస్తుంది. ఒకప్పుడు విసుగెత్తిన ఆ మలుపు కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుంటుంది.

ఫిన్నీ పోల్ కొత్తది వేసి, ఇంజను విప్పి సరిచేసి బండిని నిలబెట్టాడు. అమ్మకానికి పెట్టారు. గుంటూరు నుంచి శ్రుతి అనే అమ్మాయి తండ్రితో కలిసి వచ్చింది. ఈత బాగా వచ్చిన పిల్ల. చల్లటి ఇంజను స్టార్ట్ చేయించుకుంది, పోల్ పట్టుకుని వేలాడింది, మొహం వెలిగిపోయింది. అప్పుడు తండ్రి అడిగాడు.

"ఎవరు వాడారండి?"

"నేనేనండి," అన్నాడు ప్రకాశం కుర్చీలోంచి లేస్తూ. ఆయన చూపు కాలి మీదికి జారింది. ప్రకాశం దాచలేదు, జరిగిందంతా చెప్పాడు. ఆ పిల్ల చేతిని తండ్రి హ్యాండిల్ మీంచి మెల్లగా తప్పించాడు.

"ఇంట్లో అడిగి ఫోన్ చేస్తామండి."

ఆ ఫోన్ రాదని ప్రకాశానికి తెలియదా? అలాంటి ఫోను ఒకటి అతను బాకీ ఉన్నాడు. రాత్రంతా నిద్రపట్టలేదు. సిగ్గుతో ఒళ్లు మండింది. తెల్లారాక బస్సెక్కి, తెనాలిలో రేపల్లె రైలు పట్టుకున్నాడు.

మాస్టారు బాగా చిక్కిపోయారు. బండి అక్కడే ఉంది, అదే గోనెపట్టా కింద. చాలామంది వచ్చారట. చూశారట, మెచ్చుకున్నారట, ఆ మాట అడిగి వెళ్లిపోయారట. హైమావతమ్మ అతన్ని గుర్తుపట్టింది. కర్ర చూసింది, చాచిన కాలు చూసింది, ఏమైందని అడిగింది. ప్రకాశం తల వంచుకుని చెప్పాడు. ఎవరి బండి కొన్నాడో, ఎందుకు కొన్నాడో కూడా చెప్పాడు.

ఆమె అతని కర్ర అందుకుని గోడకు చేర్చింది. తర్వాత అడిగింది. దెప్పడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగింది.

"మావాడి బండి నువ్వు కొనలేదుగా నాయనా. మరి నీకెందుకిలా అయింది?"

క్షమించమని అడగడానికి వచ్చినవాడు ఆ మాటే మరిచిపోయాడు.

వారం వారం తిప్పే రోజు అదేనట. మాస్టారు గోనెపట్టా తీసి బటన్ నొక్కారు, ఒక్క నొక్కుకే ఇంజను అందుకుంది. పంపు దాకా నడవలేక ఆయన ఆగిపోతే, ప్రకాశమే కాలీడ్చుకుంటూ వెళ్లి నీళ్లు వదిలాడు. తిరిగొచ్చి ఆ హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. ఇంజను ఆపే దాకా తీయలేదు.