మైనస్ ముప్ఫైలో నాకు వేడి చేసింది

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం గురించి మన పెద్దలు చెప్పిపెట్టారు. చేతులు గడ్డకట్టాక ఏం పట్టుకోవాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. ఆ లోటును నా సొంత తెలివితో పూడ్చబోయి, పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, ఒంట్లో ఏ రోగమూ లేకుండా అంబులెన్స్ ఎక్కాను. ఆ కథ చెప్పమని ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. ఈసారి రాసిపెడుతున్నాను, ఇక అడగకండి.

కెనడాలోని సస్కటూన్‌కి చదువుకోవడానికి వచ్చిన కొత్త. మా క్లాసులో సగంమంది తెలుగువాళ్ళమే. ఊళ్ళో ఉన్న పార్ట్‌టైమ్ ఉద్యోగాలు ఆ సగంలో సగానికి కూడా చాలవు. నాలుగు నెలలు రెజ్యూమేలు పట్టుకుని షాపు షాపుకీ తిరిగాక, పాత కార్లు అమ్మే ఒక లాట్‌లో పని దొరికింది. ఆరుబయట బారులు తీరిన కార్ల మీద మంచు దులపాలి, అద్దాల మీద ఐసు గీకాలి, ఒక్కొక్కటీ స్టార్ట్ చేసి చూడాలి. చివరి కారు దులిపేసరికి మొదటి కారు మీద మళ్ళీ మంచు పడి ఉంటుంది. ఇలాంటి పనికి మన పురాణాల్లో అయితే ఏదో శాపం ఉండి తీరుతుంది. నాకు ఇంటర్వ్యూ పెట్టి మరీ ఇచ్చారు.

సూపర్‌వైజర్ పేరు డగ్. అరవై ఏళ్ళ మనిషి. మాధవి అనే నా పేరు ఆయన నోట్లో మ్యాడీ అయిపోయింది. మొదటిరోజే నా చేతులకేసి చూసి, మిటెన్స్ తెచ్చుకోమన్నాడు. నేను వేసుకున్నవి కోఠీ ఫుట్‌పాత్ మీద కొన్న బైకు గ్లవ్స్. మిటెన్స్ అంటే నాలుగు వేళ్ళూ ఒకే సంచిలో, బొటనవేలు విడిగా. పసిపిల్లలు మొహం గీరుకోకుండా తొడుగుతారే, అలాంటివి. ఇంజినీరింగ్ పాసై వచ్చినదాన్ని, అవి వేసుకుంటానా? సరేనని తలూపి ఊరుకున్నాను.

డగ్ మాత్రం ఊరుకోలేదు. "రెండు వారాలు ట్రయల్. చేతులు వెచ్చగా ఉంచుకోవడం రానివాళ్ళని నేను బయట ఉంచను మ్యాడీ. వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను," అన్నాడు.

అంటే వేళ్ళో, ఉద్యోగమో, ఏదో ఒకటి పోతుందన్నమాట.

మూడోరోజుకి వేళ్ళు నావో కారువో తెలియడం మానేసింది. కోటు జిప్పు పళ్ళతో లాగాల్సి వచ్చేది. నా రూమ్మేట్ శ్రావణిది కరీంనగర్. చదివేది అకౌంటింగే కానీ, వాళ్ళ నానమ్మ ఫోన్‌లో చెప్పే వైద్యమంతా దానికి కంఠస్థం.

"పైనుంచి ఎన్ని తొడిగితే ఏం లాభమే? లోపల్నుంచి వేడి పుట్టాలె. వేడి చేసేటియి తిను," అంది.

ఇంత సులువైన సంగతి కెనడావాళ్ళకి ఇన్నేళ్ళూ తట్టలేదే అని వాళ్ళ మీద జాలిపడ్డాను కూడా.

ఇక మొదలుపెట్టాను. పొద్దున్నే ఉలవచారు. బస్సులో రెండు నువ్వులుండలు. మధ్యాహ్నం కోడికూర, పక్కన ఆవకాయ. సాయంత్రం బొప్పాయి. మజ్జిగ పూర్తిగా బంద్. ఇలా కొన్నాళ్ళు గడిచాయి. చేతులు ఎప్పటిలాగే ఐసుముక్కలు. వేడి మాత్రం చేసింది, అందులో మోసం లేదు. నోరంతా పూసింది. నాలుక కదిపితే మంట, మాట ముద్దముద్దగా వస్తోంది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నాకు వేళ్ళకి మందేస్తే నాలుక ఊడింది.

పదోరోజు మైనస్ ముప్ఫై. పదకొండు గంటలప్పుడు ముక్కులోంచి రక్తం కారడం మొదలైంది. టిష్యూ కోసం గ్లవ్స్ విప్పేశాను. కోటు జిప్పు కిందికంటా లాగేశాను. తల వెనక్కి వాల్చి, లోపలి జేబులు తడుముకుంటూ ఆఫీసువైపు నడిచాను. ఆకాశంలోకి చూస్తూ మంచు మీద నడిస్తే అడుగులు ఎలా పడతాయో మీకు చెప్పక్కర్లేదు. డగ్ పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగాడు.

"ఏం లేదు డగ్. హీట్," అన్నాను.

"ఏంటి?"

"హీట్. నా ఒంట్లో హీట్ ఎక్కువైపోయింది. కొన్నాళ్ళుగా పెరుగుతోంది."

డగ్ మొహం పాలిపోయింది. పాపం, రక్తం చూసి కంగారుపడ్డాడనుకుని ధైర్యం చెప్పాను. "మా ఇండియాలో అందరికీ అవుతుంది. చల్లగా ఏదైనా తాగితే తగ్గిపోతుంది."

చలి ప్రాణం మీదికొచ్చినప్పుడు మనిషికి మాట ముద్దవుతుందట, అడుగు తడబడుతుందట, చివరికి ఒళ్ళు మండిపోతోందంటూ బట్టలు విప్పేసుకుంటారట. నాకు అప్పటికి తెలియదు. డగ్‌కి తెలుసు. ప్రథమ చికిత్స క్లాసులో నేర్చుకున్న లక్షణాలన్నీ, ఒక్కటి తగ్గకుండా, నా రూపంలో ఆయన ఎదుట నిలబడ్డాయి.

ఆ తర్వాత నా మాట ఎవరూ వినలేదు. లోపలికి మోసుకెళ్ళి దుప్పట్లు చుట్టారు. అంబులెన్స్ వచ్చింది. వద్దని నేనెంత మొత్తుకుంటే వాళ్ళు అంత గట్టిగా పట్టుకున్నారు. వద్దనడం కూడా ఒక లక్షణమేనట. ఇన్నాళ్ళూ తిని తెచ్చుకున్న వేడి చాలదన్నట్టు చంకల్లో వేడి ప్యాకెట్లు పెట్టారు. గోరుచుట్టు మీద రోకలిపోటు. ఇక ఉద్యోగం పోయినట్టేనని దారంతా ఏడ్చాను.

ఆస్పత్రిలో నర్సు పద్మగారిది ఒంగోలు. థర్మామీటరు చూశారు, నా నోరు చూశారు, "ఏం తిన్నావమ్మా?" అన్నారు. మొత్తం చెప్పాను. ఉలవచారు దగ్గరే ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

"ఒంటికి వేడి చేస్తే చేతులు వెచ్చబడతాయని ఎవరు చెప్పారే నీకు?"

"మా శ్రావణి వాళ్ళ నానమ్మ, ఆంటీ."

"ఆవిడెప్పుడైనా మంచు చూసిందా?"

చూడలేదు. చలిగాలికి ముక్కు లోపల ఎండిపోయి రక్తం వస్తుందని, అప్పుడు తల ముందుకి వంచాలని పద్మగారు చెప్పారు. మిటెన్స్‌లో నాలుగు వేళ్ళూ ఒకదాన్నొకటి కాచుకుంటాయని, లోపల పల్చటి ఉన్ని గ్లవ్స్ వేసుకుని తడి తగలకుండా చూసుకోవాలని కూడా చెప్పారు. ఆ తర్వాత అసలు కష్టం డాక్టరుగారికి వివరించడం. ఈ అమ్మాయికి జ్వరం లేదు, చలిదెబ్బ లేదు, వేడి ఉంది, కానీ ఆ వేడి థర్మామీటరుకి అందదు. ఆయన రెండుసార్లు చెప్పించుకుని, పనికి వెళ్ళొచ్చని కాగితం రాసిచ్చాడు. కారణం దగ్గర 'ఆహారం' అని ఒక్క ముక్కే ఉంది.

మర్నాడు ఆ కాగితం డగ్ చేతిలో పెట్టి, రెజ్యూమేలు మళ్ళీ ఏ వీధి నుంచి మొదలుపెట్టాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆహారం ఏంటని అడిగాడు. చెప్పాను. నువ్వులుండకి ఇంగ్లీషు దొరక్క చేతులతో గుండ్రంగా చూపించాను. ఒక్కసారి కూడా నవ్వకుండా విన్నాడు. లోపలికి వెళ్ళి ఒక జత మిటెన్స్ తెచ్చి ఇచ్చాడు.

"ఇవి వేసుకో. కార్లన్నీ మంచులోనే ఉన్నాయి," అన్నాడు.

ఉద్యోగం ఉంది. కాసేపటికి వేళ్ళు కూడా వెచ్చబడ్డాయి. అన్ని రోజులు ఉలవచారు తాగిన మనిషికి అదెంత అవమానమో మీరే ఊహించుకోండి.

మధ్యాహ్నం లంచ్ రూమ్ గోడకి చలిదెబ్బ లక్షణాల పోస్టరు ఒకటి కొత్తగా కనబడింది. పెద్ద అచ్చక్షరాల జాబితా. అడుగున డగ్ పెన్నుతో ఒక వాక్యం చేర్చాడు: "మనిషి మ్యాడీ అయితే, అంబులెన్స్‌ని పిలిచేముందు ఏం తిన్నదో కనుక్కోండి."

అందుచేత, ఇంకా నాకున్న పది వేళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. సున్నాకి దిగువన, ఏ దేశంలోనైనా, ఏ అధికారి ఎదుటనైనా, వేడి చేసిందన్న మాటని నేనిక ఇంగ్లీషులోకి అనువదించను.