బోను పిన్ని

ఆ మైదానంలో అందరూ ఆమెను బోను పిన్ని అంటారు. అక్కడికి రాకముందు చాలా ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. బడివాళ్ళు బస్సులన్నీ అమ్మేశాక ఆ పని పోయింది. ఊరి చివర గోల్ఫ్ నేర్పే మైదానంలో డ్రైవరు కావాలంటున్నారని విని వెళ్ళింది. గోల్ఫ్ గురించి ఆమెకు ఓనమాలు కూడా తెలియవు. బండి నడపడం మాత్రం కొట్టిన పిండి.

అక్కడ ఒక పక్క బారులు తీరి నిలబడి జనం బంతులు కొడుతుంటారు. ఎదురుగా గడ్డి మీద ఆ బంతులు వడగళ్ళు పడ్డట్టు పరుచుకుని ఉంటాయి. వాటిని ఏరుకొచ్చే చిన్న బండి ఆమెది. ముందు బంతులను పట్టుకునే పళ్ళ చక్రాలు, డ్రైవరు చుట్టూ బోనులా ఇనుప వల. మొదటిరోజు బండి ఇలా కదిలిందో లేదో, ఠంగుమని ఒక బంతి వచ్చి వలకు తగిలింది. పొరపాటున తగిలిందిలే అనుకుంది. వెంటనే ఇంకొకటి. ఆ తర్వాత ఎడాపెడా. దూరంగా పాతిన జెండాలను గాలికొదిలేసి కుర్రకారంతా తన మీదే గురి పెట్టారని అప్పుడు అర్థమైంది.

"వాళ్ళు ఆడుకోవడం లేదయ్యా, నన్ను వేటాడుతున్నారు," అని ఇంటికెళ్ళి మొగుడి దగ్గర వాపోయింది.

ఆయన ఫ్రిజ్జులు బాగుచేస్తాడు. విప్పిన మోటారు మీంచి తల ఎత్తకుండానే, "నీ బస్సెక్కిన పిల్లలే పెద్దవాళ్ళయి వచ్చుంటారు. పొద్దున్నే హారన్ కొట్టి ప్రాణాలు తోడేసేదానివిగా," అన్నాడు.

సాయంత్రాలు కుర్రవాళ్ళకు ఆట నేర్పే కోచ్ ఒకాయన ఉండేవాడు. పెద్ద వయసు, పెద్ద గొంతు. చరిత్ర చెప్పందే ఎవరినీ కర్ర ముట్టుకోనిచ్చేవాడు కాదు. పిల్లలు ఆవలింతలు ఆపుకోలేక నానా అవస్థా పడేవారు. పక్క షెడ్డులో బంతులు కడుగుతూ ఆమె కూడా వినేది.

ఒకరోజు ఆయన, "ఐదొందల ఏళ్ళ కిందటి మాట. స్కాట్లండులో జనం ఈ ఆట పిచ్చిలో పడి విలువిద్య అటకెక్కించారు. యుద్ధమొస్తే బాణాలెవరు వేస్తారని రాజుకు ఒళ్ళు మండి ఆటను నిషేధించాడు. వింటేగా! ఆయన మనవడు రాజయ్యాక తనూ నిషేధించాడు. చివరికి ఆ మనవడే గోల్ఫ్ కర్రలు కొనుక్కున్నాడు. ఎవరి దగ్గరో తెలుసా? విల్లులు చేసేవాడి దగ్గర!" అన్నాడు.

షెడ్డులోంచి ఫక్కున నవ్వు వినిపించింది.

"అయితే రాజుగారికి బెంగ అక్కర్లేదని చెప్పండి మాస్టారూ. వీళ్ళు విలువిద్యేం మానలేదు. రోజూ నా మీదేగా సాధన!"

పిల్లలు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. కోచ్ ముఖం మొదట ముడుచుకుంది. కానీ తన పాఠంలో అందరూ ఒక్కసారిగా మేలుకోవడం ఆయన చూడటం అదే మొదటిసారి. ఆయనా నవ్వేశాడు. బోను పిన్ని అన్న పేరు ఆమెకు ఆరోజే పడింది. అప్పట్నుంచి వలకు బంతి తగిలినప్పుడల్లా ఆమె హారన్ కొట్టేది, బారు తీరిన జనంలోంచి కేకలు లేచేవి.

బండి తలుపు దగ్గర వల కొంచెం ఊడింది. మేనేజరుకు చెప్తే "చూద్దాంలే" అన్నాడు. అలా చూస్తూ ఉండగానే ఒక సాయంత్రం ఓ బంతి ఆ సందులోంచి దూసుకొచ్చి ఆమె భుజానికి తగిలింది. ఎముక చిట్లింది. చెయ్యి మెడకు కట్టుకుని ఇంట్లో కూర్చోవాల్సి వచ్చింది.

మేనేజరు మరునాడే బోర్డు పెట్టించాడు: బండిని కొట్టినవారిని మైదానం నుంచి పంపించివేస్తాం. పిల్లలు పలచబడ్డారు. ఆ బంతి కొట్టిన పొడుగు పిల్ల అసలు రావడమే మానేసింది. చూడటానికి వచ్చిన కోచ్ ఈ సంగతి చెప్పగానే ఆమె ఆ పిల్ల ఇల్లు ఎక్కడో అడిగి తెలుసుకుంది.

వెళ్ళేసరికి ఆ పిల్ల తన తల్లి నడిపే జిరాక్స్ దుకాణంలో కాగితాలు కత్తిరిస్తోంది. ఈమెను చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"ఏడవకే తల్లీ. ఊడిపోయిన వలది తప్పు. నీదేముంది?"

"నేను కావాలనే గురిపెట్టాను పిన్నీ."

"తెలుసు. అందరూ గురిపెట్టేవాళ్ళే. నాకు తగిలించింది నువ్వొక్కదానివే! సరేగానీ ఒక మాట చెప్పు. ఈ ఆటలో అంత ఏముందే? నాకిప్పటికీ అంతుపట్టలేదు."

పిల్ల ముక్కు తుడుచుకుని ఆలోచించింది. "సరిగ్గా తగిలినప్పుడు చేతికి ఏమీ తెలియదు పిన్నీ. కొట్టామా లేదా అనిపిస్తుంది. తలెత్తితే బంతి ఎక్కడో ఆకాశంలో ఉంటుంది. మళ్ళీ అలా తగలాలని ఎన్ని కొట్టినా తగలదు. అందుకే ఇంకొకటి కొడతాం. బండికి తగిలితే చప్పుడు కూడా వస్తుంది కదా..."

చెప్తూ చెప్తూనే దాని చేతులు కర్ర పట్టుకున్నట్టు వాటంతట అవే కలుసుకున్నాయి. ఆమె అది చూసింది.

కట్టు విప్పాక నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళింది. బోర్డు తీసేయాలంది. వారానికొక సాయంత్రం పిల్లలు బండినే గురి చూసి ఆడాలంది.

"మళ్ళీ ఏదైనా అయితే?" అన్నాడు మేనేజరు బెదురుగా.

"మీరు చూద్దాంలే అన్నందుకే అయింది. ఈసారి నేను చూసుకుంటాను."

మొగుడు సణుగుతూనే పాత ఫ్రిజ్జుల్లోని ఇనుప అరలన్నీ పట్టుకొచ్చి బండి చుట్టూ రెండో వరస బిగించాడు. తలుపును తనే ఊపి చూశాడు. సుత్తితో కొట్టి చూశాడు. అప్పటికీ తృప్తి కలగక, లోపల కూర్చుని పెళ్ళాం చేత బంతులు విసిరించుకున్నాడు.

మొదటి సాయంత్రం పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. కోచ్ చరిత్ర పాఠాన్ని ఒక్క ముచ్చటకు కుదించుకున్నాడు. పూర్వం తోలు సంచిలో ఈకలు కూరి బంతులు కుట్టేవారని చెప్తే, "అప్పుడు పుట్టినా బాగుండేది, భుజం మిగిలేది," అంది బోను పిన్ని. "అవీ రాళ్ళంత గట్టివేనమ్మా!" అన్నాడాయన.

పొడుగు పిల్ల వెనక ఎక్కడో నిలబడింది. వంతు వచ్చినా కర్ర ఎత్తలేదు. బోను పిన్ని బండిని మైదానం మధ్యలో ఆపేసి, హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. చెవులు చిల్లులు పడుతుంటే అందరూ "కొట్టవే తల్లీ, ఆ గోల ఆపు!" అని మొత్తుకున్నారు. మొదటి బంతి పక్కకు పోయింది. రెండోదీ అంతే. ఆ తర్వాతిది తలుపు మీదే మోగింది. లోపలున్న ఆమె ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది, భుజం తడుముకుంది, తర్వాత చెయ్యెత్తి ఊపింది.

ఆ పిల్లేమీ పెద్ద ఆటగత్తె కాలేదు. కాలేజీ చదువుతూ, వీలున్న సాయంత్రాలు చిన్నవాళ్ళకు కర్ర పట్టుకోవడం నేర్పుతోంది. ఒకరోజు బోను పిన్నిని కూడా బలవంతాన నిలబెట్టింది. ఆమె రెండుసార్లు గాలిని కొట్టింది, ఒకసారి గడ్డి పెళ్ళ లేపింది. నాలుగోసారి బంతి నిజంగానే లేచింది. పెద్ద దూరమేమీ పోలేదు.

"తగిలిందా పిన్నీ? చేతికి ఏమైనా తెలిసిందా?"

ఆమె కర్ర వదలకుండా, "ఇంకో బంతి పెట్టు," అంది.