గోల్ వెనక ఆమె చోటు

నా భార్య పోయి నేటికి ఇరవై రెండు రోజులు. సూర్యాపేటలో, మా ఇంట్లోనే, పొద్దున టీ అడిగింది. నేను తెచ్చేలోపు వెళ్లిపోయింది. ముందుగా ఎవరికి చెప్పాలో తోచలేదు. ఆమె ఫోన్ తీసి హాకీ అమ్మాయిల గ్రూపులో రెండు వాక్యాలు రాశాను. "మీ మేడం ఇక లేరు. ఈ రోజు ప్రాక్టీసు లేదు." రెండో వాక్యం ఎందుకు రాశానో తెలియదు. ఆమె ఉంటే ఒప్పుకునేది కాదు.

ఆమెది మిర్యాలగూడ. ఒకప్పుడు రాష్ట్ర జట్టులో సెంటర్ ఫార్వర్డ్. పెళ్లికి ముందు ఒకే ఒక్కసారి ఆమె ఆట చూశాను. బంతి ఆమె దగ్గరికి వచ్చిందని మనం గమనించేసరికి ఆమె గోల్ ముందు ఉండేది. మోకాలు దెబ్బతిని ఆట మానేసింది. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసింది. ఇంట్లో హాకీ మాట ఎత్తేది కాదు. కర్ర అటక మీద ఉండేది.

రెండేళ్ల కింద పాత ఆటగాళ్లు కొందరు మా ఇంటికి వచ్చారు. ఇక్కడి అమ్మాయిల జట్టు ఒక్క మ్యాచ్ గెలవక మూడేళ్లయింది, మీరు మేనేజర్‌గా ఉండండి అని అడిగారు. వాళ్లు వెళ్లాక నేను వద్దన్నాను.

"నీకెందుకీ తలనొప్పి ఇప్పుడు? ఓడిపోతే నీ పేరే పోతుంది."

"పేరును ఏం జేసుకుంటనండీ, ఉప్పేసి ఊరబెట్టుకుంటనా?" అంది. ఆ సాయంత్రమే అటక మీది కర్ర కిందికి దించింది.

మేనేజర్ అన్నది పేరుకే. బస్సు మాట్లాడడం, తల్లిదండ్రులను ఒప్పించడం, ఆట నేర్పడం, ఎవరు ఆడాలో ఎవరు కూర్చోవాలో తేల్చడం, అన్నీ ఆమే. చిరిగిన చీరల అంచులు కత్తిరించి కర్రల పిడులకు చుట్టేది. ఉడకబెట్టిన పల్లీలు డబ్బా నిండా తీసుకుపోయేది. అందరూ తిన్నాక అడుగున మిగిలినవి ఇంటికి వచ్చి తినేది.

మా గ్రౌండ్ మట్టిది. నాలుగు అడుగులు పరుగెత్తితే దుమ్ము కళ్లలో పడుతుంది. అందుకని ఆమె ఒక అలవాటు పెట్టింది. ఆట మొదలయ్యే ముందు ప్రతి అమ్మాయీ నల్లా దగ్గర బకెట్ నింపుకుని, తాను ఆడే చోట తానే నీళ్లు చల్లాలి. "పొద్దుగాల వాకిట్ల సాన్పి సల్లకుండ ముగ్గేస్తమా? గీడ గూడ గంతే" అనేది. ఒకరి చోట ఇంకొకరు చల్లకూడదు. చల్లని వాళ్లు ఆ రోజు ఆడకూడదు. ఆమె ఎప్పుడూ గోల్ వెనక నిలబడేది. ఆటంతా అక్కడి నుంచే కనిపిస్తుందనేది. అక్కడ, తన కాళ్ల కింది మేర, తానూ చల్లుకునేది.

జట్టు కొద్దికొద్దిగా నిలదొక్కుకుంది. దానికి పెద్ద కారణం గోల్‌కీపర్. పెన్‌పహాడ్ నుంచి వచ్చేది. వాళ్ల ఇంట్లో గొర్రెలు కాస్తారు. మాట తక్కువ. బంతికి ఎదురుగా పడడానికి జంకేది కాదు. మొదటి ఏడాది రెండు మ్యాచులు గెలిచారంటే ఆ పిల్ల వల్లే. ఈ మాట నాతో చాలాసార్లు అంది నా భార్య. ఆ పిల్లతో ఒక్కసారీ అన్నట్టు లేదు.

ఈ ఏడాది మిర్యాలగూడలో మ్యాచ్ వచ్చింది. దాని ముందు వారం ఆ పిల్ల మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది. మూడు రోజులూ గోల్ ముందు పొడిగానే ఉంది. నా భార్య ఆమెను జట్టులోంచి తీసేసింది. ఆ పిల్ల కాళ్లకు కట్టుకునే ప్యాడ్లు విప్పి, గోల్ పక్కన పెట్టి, బస్టాండ్‌కు నడిచి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

మిర్యాలగూడలో ఆరు గోల్స్ తేడాతో ఓడిపోయారు. నా భార్య సొంతూరి వాళ్లు చూస్తుండగా. నేనూ వెళ్లాను. తిరుగు బస్సులో, సగం దారిలో, మునగాల నుంచి వచ్చే అమ్మాయి ఒకతె, నోట్లో మాట నిలవని పిల్ల, చివరికి ఆగలేకపోయింది.

"మేడం, దాని అమ్మకు కాలిరిగింది. మంచంల ఉంది. ఇది పొద్దున్నే లేసి, వండి, గొర్లను మంద దాక తోలొచ్చి, అప్పుడు బస్సెక్కుతది."

"మరి నాకు చెప్పాలె గద!"

"మీరు అడగలే గద మేడం. అడగకముందే చెప్తే సాకులు చెప్తున్నవంటరని అది భయపడ్డది."

ఇంటికి వచ్చాక నా భార్య చాలాసేపు చెప్పులు కూడా విడవకుండా కూర్చుంది. తర్వాత అంది: "నేను జ్వరంతోటి ఆడిన రోజులున్నయి. మా కోచ్ ఏమైందని అడగలే. అడగకపోబట్టే గింతదాన్ని అయిన అనుకున్న. గందుకే నేను గూడ ఎవ్వర్ని అడగలే." చెప్పులు విడుస్తూ, "ఏడాదిన్నర ఆ పిల్ల వెనకాల నిలవడ్డనండీ. వీపు తప్ప మొఖం సూడలే" అంది.

పెన్‌పహాడ్ వెళ్లి ఆ పిల్లను ఒక్క మాట అడగాలనుకుంది. ఫోన్ చేయమన్నాను. "తప్పు జేసింది ఎదురుంగ నిలవడి. ఒప్పుకునేది ఫోన్లనా?" అంది. ఆ వారంలోనే కడుపునొప్పి మొదలైంది. హైదరాబాద్ దవాఖానలో పరీక్షలు చేసి, ఆలస్యమైందన్నారు.

తర్వాతి నాలుగు నెలల్లో నన్ను మూడుసార్లు అడిగింది పెన్‌పహాడ్ తీసుకుపొమ్మని. ముందు ఒళ్లు కుదుటపడనీ అన్నాను. మూడోసారి హైదరాబాద్ నుంచి తిరిగి వస్తున్నాం. సూర్యాపేటలోకి వచ్చాక, "గిట్లనే పోదాం పాండ్రి, అర్ధగంటే గద" అంది. ఆమె ముఖం వాడిపోయి ఉంది. నేను కారు ఇంటి వైపు తిప్పాను. ఆమె మళ్లీ అడగలేదు.

దినాలు అయ్యాక అల్మారాలు సర్దుతుంటే గోల్‌కీపర్ ప్యాడ్లు కనిపించాయి. తెగిన పట్టీలు కొత్తగా కుట్టి ఉన్నాయి. ఆ కుట్లు ఎప్పుడు వేసిందో నాకు తెలియదు. వచ్చే నెల కోదాడలో పోటీలు. కీపర్ లేకపోతే ఈసారి జట్టు పేరు పోటీకి పంపేది లేదని ఆ పాత ఆటగాళ్లు చెప్పేశారు. ఈసారి తప్పితే ఇక జట్టు ఉండదు. ప్యాడ్లు కారులో వేసుకుని పెన్‌పహాడ్ వెళ్లాను.

ఆ పిల్ల తల్లి కర్ర పట్టుకుని నడుస్తోంది. కుర్చీ వేయించింది. చాయ్ ఇచ్చాకే అనాల్సింది అంది.

"మూడు దినాలు ఆలిశమైందని ఎల్లగొట్టిరి. గంత పెద్దామె, ఎందుకొస్తలేవు బిడ్డా అని ఒక్క మాట అడిగితే ఏం పోవు సారూ?"

"అదే అడగడానికి రావాలనుకుందమ్మా. మూడుసార్లు తీసుకుపొమ్మంది. నేనే తీసుకురాలేదు."

తల్లి నా చేతిలోని చాయ్ గ్లాసు అందుకుంది. పిల్ల గడపలో నిలబడి ఉంది. చావుకు రాలేదేమని నేను అడగలేదు. తనే చెప్పింది.

"వచ్చిన సార్. గేటు కాడ నిలవడ్డ. మేడంకు నా మీద కోపం పోయిందో లేదోనని లోపటికి రాలే."

"నీ మీద కోపం లేదమ్మా. నీకు ఏమైందని అడగలేదని బాధపడింది. చివరిదాకా." ఈ కాస్త చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. నా భార్య అయితే ఇంకా బాగా చెప్పేది. చెప్పాల్సింది కూడా ఆమే.

పిల్ల ప్యాడ్లు తీసుకుని, పట్టీల కుట్ల మీద వేలితో రాసింది. వస్తానని గానీ రానని గానీ అనలేదు. నేను అడగలేదు. కారెక్కాక తెలిసింది, నేనూ అడగలేదని.

మొన్న సోమవారం అమ్మాయిలు మళ్లీ ప్రాక్టీసు మొదలుపెడతామన్నారు. పల్లీల డబ్బా ఇద్దామని పొద్దున ఆరింటికే వెళ్లాను. జట్టు ఇంకా రాలేదు. గ్రౌండంతా పొడిగా, తెల్లగా ఉంది. గోల్ ముందు మాత్రం మట్టి నల్లగా తడిసి ఉంది. ఆ పిల్ల స్తంభం పక్కన కూర్చుని, తల వంచుకుని ప్యాడ్లు కట్టుకుంటోంది. నన్ను చూడలేదు. పక్కన ఖాళీ బకెట్.

నేను చుట్టు తిరిగి గోల్ వెనక్కి వెళ్లాను. అక్కడ కూడా నీళ్లు చల్లి ఉన్నాయి. ఒక మనిషి నిలబడేంత మేర. నేను దాని మీద అడుగు పెట్టలేదు. డబ్బా పట్టుకుని, పొడిచోట నిలబడ్డాను.