అన్న టోకెన్

బంగారుపేటలో రైలెక్కి ఫ్రెంచి పుస్తకం తెరిచాను. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ఒకప్పటి గని కార్మికుడు.

“ఏం పాఠమమ్మా?” అన్నాడు.

“జరగాల్సి జరగని పనిని చెప్పే రూపం తాతా. ముందు ‘ఒరె’ అని, పక్కన జరిగిపోయిన క్రియ చేర్చాలి.”

ఆయన పుస్తకం వైపు వంగాడు.

“గని కూలిన దినం నాకు జరం. నాగా పడకూడదని తమ్ముడు హాజరుకి నా టోకెన్ ఇచ్చి, నా పేరు మీద గనిలోకి దిగినాడు. సాయంత్రం చచ్చినోళ్ల పేర్లలో నాది సదివినారు. నేను పోయింటే వాడు బతికిండును. అది ఆ బాసలో చెప్పమ్మా.”

“ఇల్ ఒరె వేక్యూ.”

రెండుసార్లు పలికి చూసుకున్నాడు. “ఇంతేనా?” అని, ఊరిగాంలో దిగిపోయాడు.

పరీక్షలో ఉదాహరణ అడిగారు. ఆయన వాక్యమే రాశాను. పూర్తి మార్కులు వచ్చాయి.