పొట్టమీద ఫోను

మా పక్కింటి పుష్పకుమారికి అరవై ఏళ్లు. అల్లూరు చర్చి సంఘంలో ఎవరికి ఏ నొప్పి వచ్చినా తెల్లవారి అయిదింటికి ఆమెకు ఫోను చేస్తారు. "నొప్పి ఉండే చోట ఫోను పెట్టుకోమ్మా" అంటుంది ముందు. ఆ తర్వాతే ప్రార్థన. ఒకసారి నేనూ మోకాలి మీద పెట్టుకున్నాను. నొప్పి తగ్గిందో లేదో గుర్తులేదు, అంత హాయిగా నిద్రపట్టింది.

ఆ గొంతు అలాంటిది. ఆ వేళకు పొలాల మీద మంచు పరుచుకుని ఉంటుంది. అవతల రొయ్యల గుంటల్లో చక్రాలు నీళ్లు చిలుకుతుంటాయి. ఆమె అరుగు మీద కూర్చుని మెల్లగా మాట్లాడుతుంటే ఊరంతా నీళ్ల మీద తేలుతున్నట్టు ఉంటుంది నాకు.

అందరికంటే పెద్ద ప్రార్థన డెబోరాకు. డెబోరా ఆమె అన్న కూతురు, సూళ్లూరుపేటలో కాపురం. రెండుసార్లు కడుపు నిలవలేదు, ఇప్పుడు ఏడో నెల. రోజూ అరగంట ఫోను పొట్టమీదే. పుష్పకుమారి దేవుడితో అయిదు నిమిషాలు మాట్లాడి, మిగతా సమయమంతా లోపలి బిడ్డతో కబుర్లు చెబుతుంది. ఇవాళ కొంగలు దిగాయని, గాలి సముద్రం వైపు నుంచి తిరిగిందని, నువ్వు వస్తే అలలు చూపిస్తానని. అవి వింటూ నేను కాఫీ చల్లార్చుకున్న రోజులు ఎన్నో.

ఒకరోజు డెబోరా అంది, "అత్తా, రైల్లో ఒకామె చెప్పింది. ఫోన్లో రేడియేషన్ ఉంటాదంట. కడుపు మీద పెట్టుకోకూడదంట."

పుష్పకుమారి వెంటనే ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో దాచేసింది. నాలుగు రోజులు ఊరికి ప్రార్థన లేదు. నేను వెళ్లి అడిగితే గోడవైపు తిరిగి ఏడ్చింది. "పోయిన రెండుసార్లూ పొట్టమీద ఫోను పెట్టించింది నేనే గదా. ఆ బిడ్డల్ని నేనే చంపినానా?"

నాకు ఒళ్లు మండింది. ఇంత మంచి మనిషికి ఇంత పిచ్చి ఆలోచనా? చెయ్యి పట్టుకుని జడ్సన్ సెల్ షాపుకు లాక్కెళ్లాను.

"నీ ఫోను ఈడినించి ఆడికి రేడియేషన్ పంపదక్కా. ఆ పిల్ల దగ్గరుండేది ఆ పిల్ల ఫోనే" అని జడ్సన్ నవ్వాడు. డెబోరాదీ ఇదే రకం ఫోను. స్టార్, హ్యాష్, సున్నా, ఏడు, హ్యాష్ నొక్కితే తెర మీద ఒక అంకె వచ్చింది. ఒంట్లోకి రేడియేషన్ ఎంతవరకు పోవచ్చో చెప్పే అంకె అట, హద్దు లోపలే ఉందట. అంకెలతో పుష్పకుమారికి ఊరట కలగలేదు. ఆసుపత్రికి పోయాం.

డాక్టరమ్మ ఓపిగ్గా విన్నది. "ఫోను వల్ల కడుపు పోతుందని ఇప్పటిదాకా రుజువు కాలేదమ్మా. నీ వల్ల ఏమీ జరగలేదు. అయినా ఒంటికి ఆనించకుండా ఉంటే మంచిదే. స్పీకర్ పెట్టి స్టూలు మీద ఉంచుకోమను."

మర్నాడు అయిదింటికి ఫోను మళ్లీ బయటికొచ్చింది. ఈసారి పుష్పకుమారి కూడా స్పీకర్ పెట్టింది. నేను పిట్టగోడకు ఆనుకుని విన్నాను, సిగ్గెందుకు!

"ఫోను స్టూలు మీద పెట్టమ్మా. పొట్టమీద నీ చెయ్యి పెట్టుకో."

అవతల స్టూలు జరిపిన చప్పుడయింది.

"పెట్టుకున్నావా?"

"లేదత్తా. భయంగా ఉండాది. రెండూ పోయినాక నేను పొట్టమీద చెయ్యే వెయ్యలేదు. నీ ఫోనే పెడతా వచ్చినా."

పుష్పకుమారి కళ్లు తుడుచుకుంది. "నేనుండాను గదా. పెట్టు తల్లీ."

కాసేపటికి డెబోరా ఏడుస్తూ నవ్వింది. "అత్తా, నా చేతికింద తిరగతా ఉండాది బిడ్డ!"

ఆ తెల్లవారి పుష్పకుమారి ప్రార్థన చెయ్యలేదు. డెబోరా మొదటిసారి తన బిడ్డతో మాట్లాడుతుంటే, అరగంటా నోరు మూసుకుని విన్నది.